సాయంత్రం ఆరింటికల్లా రాతి బలం

రాయి గట్టిది. ఈ సంగతి బడి గడప తొక్కని పిల్లాడికి కూడా తెలుసు. తెలిసిన సంగతిని రుజువు చేయడానికి నెలల తరబడి రేకుల షెడ్డులో, కోర్ బాక్సుల (బోరులోంచి తీసిన రాతి కడ్డీల పెట్టెల) ముందు గొంతుక్కూర్చునే కుర్ర ఇంజనీర్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. పాపం, వాళ్లకు దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పినవాళ్లు లేరు.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా రాతి రిపోర్టులు రాశాను. కొండ కోతలు, సొరంగాలు, వంతెన పునాదులు, ఒకటేమిటి! ఒక్కనాడు కూడా సాయంత్రం ఆరు దాటాక కుర్చీలో లేను. పిల్లల స్కూలు వార్షికోత్సవం ఒక్కటీ తప్పలేదు. ఆ విద్య నాతోనే పోకూడదని ఇది రాస్తున్నాను. చెప్పింది చెప్పినట్టు చేయండి.

మాటల్లో తేలిపోకుండా ఒకే పని పట్టుకుందాం. తూర్పు కనుమల్లో ఒక ఘాట్ రోడ్డు వెడల్పు చేస్తున్నారు. ముప్ఫై మీటర్ల ఎత్తున కొండను కోయాలి. రాయి ఖోండలైట్. గార్నెట్, సిల్లిమనైట్ మెరుస్తూ, రేకు మీద రేకు పేర్చినట్టుండే రాయి, విశాఖ నుంచి అరకు వెళ్లిన ప్రతివాళ్లూ చూసిందే. ఆ రేకులు మన ఖర్మకొద్దీ రోడ్డువైపే వాలి ఉన్నాయి. మీకు అప్పజెప్పిన పని: పరీక్షల అంకెల్లోంచి రాతి బలానికి ఒక నమూనా కట్టి, కొహిషన్ (రాయి తనలో తాను అతుక్కుని ఉండే బలం) ఇంత, ఫ్రిక్షన్ యాంగిల్ (జారకుండా ఆపే రాపిడి కోణం) ఇంత అని చెప్పడం. ఆ రెండు అంకెల మీదే కోత ఎంత నిటారుగా ఉండాలో తేలుతుంది. ఎంత నిటారైతే తవ్వకం అంత తక్కువ, బిల్లు అంత తొందర. కాబట్టి మీ గమ్యం: పెద్ద అంకె, చిన్న శ్రమ.

1. బోరు రోడ్డు పక్కనే వేయండి.

రిగ్గును కొండెక్కించాలంటే దారి కొట్టాలి, కూలీలను పెట్టాలి, పైకి నీళ్లు మోయాలి. లారీ ఎక్కడ ఆగితే అక్కడే దించండి. పదేసి మీటర్ల ఎడంలో మూడు బోర్లు చాలు, మ్యాపు మీద మూడు చుక్కలు కనబడతాయి. బోరు నిలువుగానే దింపండి. వాలుగా వేస్తే నిలువు పగుళ్లన్నీ అడ్డం తగులుతాయి, ఒక్కోదాన్నీ కొలిచి రాసుకోవాలి. నిలువు బోరు నిలువు పగులు పక్కనుంచే జారిపోతుంది. తగలని పగులు లాగ్ షీటులోకి రాదు, లాగ్ షీటులో లేని పగులు గురించి ఎవరూ అడగరు.

2. సింగిల్ ట్యూబ్ బారెల్ అడగండి.

డబుల్ ట్యూబ్, ట్రిపుల్ ట్యూబ్ బారెళ్లలో లోపలి గొట్టం కోర్‌ను నీటి తాకిడి నుంచి కాపాడుతుంది. దాంతో పగుళ్ల మధ్య ఉన్న బంకమట్టి కూడా చెక్కుచెదరకుండా పైకి వచ్చేస్తుంది. వచ్చాక దాన్ని పరీక్షించకపోతే తప్పు, పరీక్షిస్తే తిప్పలు. సింగిల్ ట్యూబ్‌లో ఈ బాధ లేదు. డ్రిల్లింగ్ నీళ్లే ఆ మట్టిని కడిగి పారేస్తాయి, పెట్టెలోకి శుభ్రమైన రాయి మాత్రమే చేరుతుంది.

కోర్ దొరకని చోట ఇంత పొడవు పోయిందని కట్టెముక్క పెట్టే ఆచారం ఒకటుంది. పెట్టకండి. ముక్కలను దగ్గరకు జరిపితే పెట్టె నిండుగా కనిపిస్తుంది. లోతు అంకెలు సుద్దముక్కతో రాయించండి. తొలకరి జల్లుకు చెరిగిపోతాయి, ఆ తర్వాత ఏ ముక్క ఏ లోతుదో వాదించడానికి మీరు తప్ప ఇంకెవరూ మిగలరు.

3. ఆర్‌క్యూడీని చేత్తో పెంచండి.

1960లలో డాన్ డీర్ ఇచ్చిన కొలత ఇది. పది సెంటీమీటర్లు, అంతకు మించిన ముక్కల పొడవులు కూడి, తవ్విన పొడవుతో భాగిస్తారు. నాకు ఈ కొలత అంటే ప్రాణం. ఎందుకంటే దీనిలో ఒక కిటికీ ఉంది: డ్రిల్లింగులో విరిగిన ముక్కలను కలిపి ఒకే ముక్కగా లెక్కపెట్టవచ్చు. ఏది డ్రిల్లింగులో విరిగింది, ఏది కొండలోనే విరిగి ఉంది? కళ్లతో చూసి చెప్పేది మీరే.

నూట యాభై సెంటీమీటర్ల కోర్ తీశారనుకోండి. ముక్కలు వరసగా 22, 14, 8, 9, 31, 6, 7, 12, మిగతాది తునకలు. ఉన్నదున్నట్టు లెక్కిస్తే 79 సెంటీమీటర్లు, 53 శాతం. ఇప్పుడు 8నీ 9నీ కలపండి, 6నీ 7నీ కలపండి. 109 అయింది, 73 శాతం. ఇంకో నాలుగు సెంటీమీటర్ల తునకను తెచ్చి 12 పక్కన అతికించండి. 113. డెబ్బై అయిదు దాటింది. అంతవరకూ ‘ఫెయిర్’ అనిపించుకున్న రాయి ‘గుడ్’ అయిపోయింది. పట్టిన సమయం రెండు నిమిషాలు.

4. ల్యాబుకు అందమైన ముక్కలే పంపండి.

పెట్టె తెరవగానే పొడవుగా, నున్నగా, ఒక్క గీత కూడా లేకుండా ఉన్న ముక్కలు నాలుగైదు కనిపిస్తాయి. అవే మీ నమూనాలు. మిగతావి కోతకే నిలవవు, దారిలోనే విరుగుతాయి, వాటి మీద డబ్బు పోయడం దండగ. వంద మీటర్ల కోర్‌లో నాలుగు మీటర్లే గట్టిగా ఉంటే ఆ నాలుగు మీటర్లే రాయి, మిగతాది కేవలం ప్యాకింగ్ అనుకోండి.

రేకుల రాయిలో ఇంకో కిటుకు ఉంది, దీన్ని బాగా మనసుకు పట్టించుకోండి. రేకు, ముక్క నిలువు గీతతో ముప్ఫై డిగ్రీల దగ్గర ఉంటే రాయి అన్నిటికంటే బలహీనం, రేకు మీదుగా జారిపోతుంది. జేగర్ 1960లోనే ఈ లెక్క రాసిపెట్టాడు. కాబట్టి ముప్ఫై డిగ్రీల ముక్కలను పక్కన పెట్టేసి, రేకులు అడ్డంగా, దొంతర పేర్చిన దోశల్లా ఉన్న ముక్కలే ఏరండి. మీ కొండలో రేకు జారడానికి సిద్ధంగా వాలి ఉందన్నది నిజమే. ల్యాబులో ఆ వాలు కనిపించనవసరం లేదు.

5. ల్యాబు అబ్బాయితో స్నేహంగా ఉండండి.

ఇక్కడ నాలుగు మాటలు ఎక్కువ చెబుతాను, ఎందుకంటే సంపాదనంతా ఇక్కడే ఉంది. ఐఎస్‌ఆర్‌ఎమ్ (రాతి యాంత్రిక శాస్త్రపు అంతర్జాతీయ సంఘం) 1979 పద్ధతి చదివితే కళ్లు తిరుగుతాయి. వ్యాసం 54 మిల్లీమీటర్లకు తగ్గకూడదట. పొడవు వ్యాసానికి రెండున్నర నుంచి మూడు రెట్లు ఉండాలట. తేమ పోకుండా దాచి, ముప్ఫై రోజుల లోపు పరీక్షించాలట. సెకనుకు అర నుంచి ఒక మెగాపాస్కల్ చొప్పున నెమ్మదిగా బరువు పెంచాలట. ఒక్కో నిబంధన వెనకా ఒక్కో లాభం దాక్కుని ఉంది, తిరగేసి చదవండి.

ముక్క చిన్నదైతే దానిలో పగుళ్లు తక్కువ, బలం ఎక్కువ. హోక్, బ్రౌన్ ఇచ్చిన సూత్రం ప్రకారం యాభై మిల్లీమీటర్లకు బదులు పాతిక మిల్లీమీటర్ల ముక్క వాడితే బలం 13 శాతం పెరుగుతుంది. పొడవు వ్యాసానికి రెట్టింపు ఉన్న ముక్కకు బదులు, సమానంగా ఉన్నది కోయించండి. మెషిన్ పలకల రాపిడి రెండు కొసలనూ పట్టుకుని ముక్కను ఉబ్బనివ్వదు, ఇంకో 12 శాతం వస్తుంది. రెండూ కలిస్తే పైసా ఖర్చు లేకుండా 27 శాతం. ఒక ముక్కకు బదులు మూడు ముక్కలు కూడా వస్తాయి.

ముక్కలను ఓవెన్‌లో కరకరలాడేలా ఎండబెట్టించండి. తడిసిన రాయి బలం తగ్గుతుంది, ఇసుకరాయి, షేల్ లాంటివైతే మరీ. ఎండినది పెద్ద అంకె చూపిస్తుంది, మెషిన్ కూడా శుభ్రంగా ఉంటుంది. బరువు వేగంగా ఎక్కించమనండి. వేగంగా నొక్కితే రాయి కాస్త ఎక్కువ మోసినట్టు చూపిస్తుంది, పైగా టీ టైముకు పని అయిపోతుంది. టీ మీరే ఇప్పించండి. సమోసా కూడా.

ఒక్క విషయంలో మాత్రం పద్ధతిని తూచా తప్పకుండా పాటించండి: కొసలు నున్నగా సానపట్టడం. కొస ఎగుడుదిగుడుగా ఉంటే అంకె తగ్గుతుంది.

6. ఒకరి సూత్రం ఇంకొకరి రాయికి వాడండి.

పాయింట్ లోడ్ పరీక్ష చిన్న మెషిన్‌తో, చేతిలో పట్టిన తునకతో అయిపోతుంది. వచ్చిన సూచికను 24తో గుణిస్తే బలం వచ్చినట్టే. బ్రోచ్, ఫ్రాంక్లిన్ 1972లో ఇచ్చిన గుణకం ఇది. మెత్తటి రాళ్లకు ఆ రెట్లు పదిహేను దాకా పడిపోవచ్చని పరీక్షలు చేసినవాళ్లు చెబుతారు. వినకండి. సూచిక నాలుగు వస్తే 24తో 96 అవుతుంది, 15తో 60 అవుతుంది. ఏది రాయాలో నేను చెప్పక్కర్లేదు.

రేపు మీకు బొగ్గు గనిలో స్తంభాల పని తగిలితే, దానికీ దారి ఉంది. 1960 జనవరి 21న దక్షిణాఫ్రికా కోల్‌బ్రూక్ గనిలో బొగ్గు స్తంభాలు వరసగా కూలి 430 మందికి పైగా లోపలే ఉండిపోయారు. ఆ తర్వాత సాలమన్, మన్రో అక్కడి గనుల్లోంచి నిలబడ్డ స్తంభాలు 98, కూలినవి 27 పోగేసి, 1967లో బలం సూత్రం ఇచ్చారు. 125 స్తంభాల చాకిరీ వాళ్లు చేసేశారు. ఆ సూత్రంలోని 7.2 మెగాపాస్కల్ అంకె అక్కడి బొగ్గుదే, అయినా మీరు గోదావరి లోయ బొగ్గుకు రాయండి, సున్నపురాయికి రాయండి. పేరున్న సూత్రం, ఏ పేజీలో అయినా బాగుంటుంది.

7. తక్కువ అంకెలను తుడిచేయండి.

మన ఖోండలైట్ ముక్కలు అయిదింటి బలం వచ్చింది: 92, 88, 31, 95, 27 మెగాపాస్కల్. సగటు 66.6. ఎవరికి కావాలి ఈ సగటు? 31, 27 చూపించిన ముక్కలు రేకు మీదుగా నున్నగా జారిపోయాయి. ఎంత ఏరినా వాలు రేకు ముక్కలు ఒకటీ రెండూ దూరుతూనే ఉంటాయి. అంటే విరిగింది రాయి కాదు, రేకు. రాతి బలం అడిగితే రేకు బలం ఎందుకు చెబుతాం? ఆ రెండూ కొట్టేయండి. సగటు 91.7, గుండ్రంగా 92.

కొట్టేసినందుకు కారణాలు సిద్ధంగా ఉంచుకోండి. క్యాపింగ్ సరిగా కుదరలేదు. మెషిన్‌లో ఆయిల్ కారింది. మధ్యలో కరెంటు పోయింది. ముక్కకు రవాణాలో దెబ్బ తగిలింది. ఒకే రిపోర్టులో రెండుసార్లు కరెంటు పోకూడదు, అది గుర్తుంచుకోండి. ఎక్కువ వచ్చిన అంకెకు మాత్రం ఎప్పుడూ కరెంటు ఉంటుంది.

8. రెండు చుక్కలతో గీత గీయండి.

ట్రయాక్సియల్ పరీక్షలో ముక్కను చుట్టూ నూనె ఒత్తిడితో బిగించి, పైనుంచి నొక్కుతారు. చుట్టు ఒత్తిడి పెరిగేకొద్దీ రాయి ఎక్కువ మోస్తుంది, కానీ ఆ పెరుగుదల సరళరేఖ కాదు, వంగుతుంది. ఆ వంపు పట్టుకోవడానికి కనీసం అయిదు పరీక్షలు చేయాలనీ, చుట్టు ఒత్తిడి సున్నా నుంచి ముక్క బలంలో సగం దాకా ఉండాలనీ హోక్, బ్రౌన్ అంటారు. అయిదు చుక్కలు పెడితే ఒకటి పైకి, ఒకటి కిందికి పోతుంది, గీత ఎక్కడ గీయాలో తెలియక తల పట్టుకుంటారు. రెండు చుక్కలు పెట్టండి. రెండు చుక్కల గుండా గీత ఎప్పుడూ తప్పకుండా పోతుంది. ఎక్సెల్‌లో ఆర్-స్క్వేర్ 1.000 వస్తుంది. దాన్ని బోల్డ్‌లో పెట్టండి. అయిదు పరీక్షలు చేసిన వాడికి జీవితంలో 1.000 రాదు.

ఆ రెండు చుక్కలూ ఎక్కడ పెట్టాలన్నది అసలు విద్య. మన కోత ముప్ఫై మీటర్లు, దాని అడుగున ఒత్తిడి ఒక మెగాపాస్కల్ కూడా ఉండదు. అక్కడ పరీక్షలు చేయకండి. ముక్క బలం 92లో సగం 46, కాబట్టి 20 దగ్గర ఒకటి, 40 దగ్గర ఒకటి చేయండి. రెండూ పుస్తకం హద్దులోనే ఉన్నాయి, ఎవరూ వేలెత్తి చూపలేరు. మన రాతికి హోక్-బ్రౌన్ వంపు గుణకం 12 అనుకుంటే 20 దగ్గర 195, 40 దగ్గర 269 వస్తుంది. ఈ రెంటినీ కలుపుతూ గీత గీసి వెనక్కి లాగండి. అక్కడ వంపు ఉందన్న సంగతి గీతకు తెలియదు కదా, అది తిన్నగా వెళ్లి సున్నా ఒత్తిడి దగ్గర 92ను దాటి 120ని తాకుతుంది. కొహిషన్ 17 ఉండాల్సిన చోట 31 మెగాపాస్కల్!

ఫ్రిక్షన్ యాంగిల్ మాత్రం 49 నుంచి 35కు తగ్గుతుంది. కంగారు పడకండి, అదీ మనకే లాభం. ఇంత తక్కువ ఒత్తిడి ఉన్న చోట పెత్తనమంతా కొహిషన్‌దే. యాంగిల్ 35 అని చూసిన పై అధికారి, కుర్రాడు జాగ్రత్తపరుడు, అంకె తగ్గించి ఇచ్చాడు అనుకుంటాడు.

ఈ 31, 35లతో నిట్టనిలువు గోడ ఎంత ఎత్తు నిలబడుతుందో నేను వేసి చూశాను. తొమ్మిది వేల రెండు వందల మీటర్లు. ఎవరెస్టు కంటే ఎత్తు. మీది ముప్ఫై మీటర్లు. హాయిగా నిద్రపోండి.

9. కొండకు జీఎస్‌ఐ కుర్చీలోంచే ఇవ్వండి.

పరీక్షించిన ముక్క అరచేతిలో పడుతుంది, కొండ పట్టదు. ముక్కకూ కొండకూ నడుమ పగుళ్లున్నాయి. అందుకే హోక్-బ్రౌన్ లెక్కలో జీఎస్‌ఐ అని నూరు లోపల ఒక అంకె అడుగుతారు. రాతి కూర్పు ఎలా ఉంది, పగుళ్ల ముఖాలు ఎలా ఉన్నాయి అని కొండ దగ్గరికి వెళ్లి, చూసి, బొమ్మల పట్టికలో పోల్చుకుని ఇవ్వాలి. బొమ్మల పట్టిక ఆఫీసులోనే ఉంది. కొండ దాకా ఎందుకు?

75 రాయండి. ఎందుకు 75 అంటే, 80 అత్యాశగా కనిపిస్తుంది, 70 భయంగా కనిపిస్తుంది. ముక్క బలం 92కు జీఎస్‌ఐ 75 పెడితే కొండ బలం సుమారు 23 మెగాపాస్కల్ వస్తుంది. సైటుకు వెళ్లిన జియాలజిస్టు ఎవరైనా 45 అన్నారనుకోండి, అదే లెక్క 4కు పడిపోతుంది. ముప్ఫై అంకెల తేడాకు బలం అయిదో వంతు కూడా మిగలదు! ఘాతాంకం చేసే పని అది. అందుకే జియాలజిస్టును వాదనలోకి దింపకండి. మర్యాదగా కాఫీ ఇచ్చి, మీ పరిశీలన అమూల్యమండీ అని చెప్పి, ఆ కాగితం అనుబంధంలో చివరి పేజీగా కుట్టండి.

ఇంకా డీ అని ఒక గుణకం ఉంది. బ్లాస్టింగ్ వల్ల రాయి ఎంత చెదిరిందో దానికి సున్నా నుంచి ఒకటి దాకా ఇస్తారు. కాంట్రాక్టర్ మందుగుండు కుక్కి పేలుస్తున్నా మీరు సున్నాయే ఇవ్వండి. ఒకటి ఇస్తే, జీఎస్‌ఐ 45 దగ్గర ఆ 4 కాస్తా 0.9 అవుతుంది. బ్లాస్టింగ్ జరిగింది మీరు రిపోర్టు ఇచ్చాక. రిపోర్టు నాటికి కొండ చెదరలేదు. ఈ మాటలో తప్పు పట్టగలిగినవాణ్ని నేను ఇంతవరకూ చూడలేదు.

రాతిరకం గుణకం కూడా పట్టికలోదే. గ్రానైట్‌కు 32, నైస్‌కు 28, షేల్‌కు 6 అని ఉంటుంది. ఇందాక మనం పరీక్ష ముక్కకు 12 అనుకున్నాం, అది గుర్తు పెట్టుకునేంత తీరిక ఎవరికీ ఉండదు. 32 వేసేయండి. ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి అన్నారు పెద్దలు.

హోక్-బ్రౌన్ సూత్రం అన్ని దిక్కులా ఒకేలా పగిలిన కొండకే, ఒకే రేకు వాలు పెత్తనం చేసే చోట రేకు మీద జారడాన్ని విడిగా చూడాలి అని పుస్తకంలో ఉంది. విడిగా చూడాలంటే డైరెక్ట్ షియర్ పరీక్షలు చేయాలి. షియర్ బాక్సు రిపేరులో ఉందని చెప్పండి. ఎప్పుడు అడిగినా రిపేరులోనే ఉండాలి.

10. బోర్లు మే నెలలో వేయండి.

అప్పుడు బోరులో నీళ్లుండవు. లాగ్ షీటులో ‘నీరు తగలలేదు’ అని రాస్తే అక్షరాలా నిజం. ఆ ఒక్క వాక్యంతో పగుళ్లలో నీటి ఒత్తిడి లెక్క వేసే బాధంతా తప్పుతుంది. ఆశ్వయుజంలో తుఫాను వానలకు ఆ పగుళ్లు నిండుతాయి, నిజమే. లాగ్ షీటుకు తేదీ ఉంటుంది.

11. జవాబు ముందు, లెక్క తర్వాత.

సేఫ్టీ ఫ్యాక్టర్ 1.5 రావాలని అందరికీ తెలుసు. అందువల్ల సాఫ్ట్‌వేర్‌లో 1.5 దగ్గర నుంచి వెనక్కి నడవండి. కొహిషన్ గడిలో అంకె మారుస్తూ, రన్ నొక్కుతూ పోండి. సరిగ్గా 1.5 వస్తే అనుమానం వస్తుంది, 1.53 దగ్గర ఆగండి. ఆ కొహిషన్ పరీక్షల్లో వచ్చిన దానికంటే తక్కువే అయి ఉంటుంది, ఎందుకంటే మీ 31 ఆకాశంలో ఉంది. అప్పుడు రిపోర్టులో ‘పరీక్షా ఫలితాలను బాగా తగ్గించి తీసుకున్నాం’ అని రాసుకోండి. ఎనిమిదో చిట్కా విలువ ఇప్పుడు తెలిసింది కదూ!

అంకెలకు దశాంశాలు పెట్టండి. కొహిషన్ 0.4 అంటే ఊహలా ఉంటుంది, 0.4127 అంటే కొలిచినట్టుంటుంది. రంగుల బొమ్మలు ధారాళంగా వేయండి. ఎరుపు రంగు మాత్రం వద్దు, స్కేలు మార్చితే ఎరుపంతా పచ్చగా అయిపోతుంది.

12. మల్పాసే అన్నవాడికి ఇదీ జవాబు.

ప్రతి మీటింగులోనూ పుస్తకం చదివిన ఒక మనిషి ఉంటాడు. మల్పాసే సంగతేమిటి అంటాడు. ఫ్రాన్స్‌లో ఫ్రేజూస్ పట్టణం ఎగువన కట్టిన ఆర్చ్ డ్యామ్ అది, అరవై ఆరు మీటర్ల ఎత్తు. 1959 డిసెంబరు 2 రాత్రి ఎడమ గట్టు రాయి కదిలి డ్యామ్ తెగింది, నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. అక్కడా రేకుల రాయే, నైస్. నైస్ రేకు ఒక పక్క, కింద ఒక భ్రంశం ఇంకో పక్క, వాటి నడుమ నీటి ఒత్తిడి చేరి రాతి దిమ్మను ఎత్తి తోసింది. తర్వాత ఆ నైస్‌ను పరీక్షిస్తే, ముక్క పెద్దదయ్యేకొద్దీ బలం బాగా తగ్గుతూ పోయింది.

అతను ఇదంతా చెప్పేదాకా ఆగి, మీరు నెమ్మదిగా అనండి: ఆ డ్యామ్ కాంక్రీటులో లోపం లేదండీ. అది నిజమే, కాంక్రీటు బాగుంది. ఆ తర్వాత కాంక్రీటు నాణ్యత గురించి పది నిమిషాలు మాట్లాడండి. మీటింగులో కాంక్రీటు తెలిసినవాళ్లే ఎక్కువ ఉంటారు, చర్చ అటు మళ్లుతుంది. రాతి దగ్గరకు తిరిగి వచ్చేసరికి భోజనాల వేళవుతుంది.

13. రిపోర్టు మాటలు.

ఇవి ప్రతి రిపోర్టులోనూ ఉండాలి, ఉన్నవి ఉన్నట్టు దించుకోండి. ‘ఫలితాలు పరీక్షించిన నమూనాలకే వర్తించును.’ ‘సైటు పరిస్థితులు మారవచ్చును.’ ‘తవ్వకం సమయమున నిపుణుల పర్యవేక్షణ అవసరము.’ మూడూ కలిస్తే ఆకుకు అందదు, పోకకు పొందదు. నమూనాలు బాగున్నాయన్నారు, కొండ బాగుందని అనలేదు. చూసుకోమన్నారు, ఎవరు చూడాలో చెప్పలేదు.

ల్యాబు వాళ్ల పచ్చి అంకెలు అనుబంధంలో వేయక తప్పకపోతే స్కాన్ చేసి వేయండి, కాస్త వంకరగా, మసకగా. 31, 27 ఉన్న వరస మీద రబ్బరు స్టాంపు పడితే ఇంకా మంచిది.

14. కూలినప్పుడు.

ఈ చిట్కాలన్నీ పాటిస్తే కోత నిటారుగా వస్తుంది, ఆరు నెలలు ముందే పూర్తవుతుంది, ప్రారంభోత్సవానికి పూలదండలు వస్తాయి. వేసవి గడుస్తుంది, నైరుతి వానలు కూడా గడుస్తాయి. తర్వాత అక్టోబరులో ఒక తుఫాను రాత్రి రేకు మీదుగా కొండ రోడ్డు మీదికి దిగుతుంది. పలకలు పలకలుగా, మెరుస్తూ, ల్యాబులో 27 చూపించిన ముక్క విరిగినట్టే దిగుతుంది. ఆ వేళకు కింద బస్సు ఉందో లేదో మీ పరిధి కాదు, రిపోర్టులో ఆ కాలమ్ లేదు.

మొదటి ఫోను రాకముందే రెండు మాటలు నోటికి అలవాటు చేసుకోండి: ‘అసాధారణ వర్షపాతం’, ‘జియోలాజికల్ సర్‌ప్రైజ్’. ఈ రెండోది జలవిద్యుత్ సొరంగాల వాళ్లు ఎంతో కాలంగా వాడుతున్న మాట, ఎక్కడా తిరగ్గొట్టలేదు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ పేరు కూడా విశాఖ చుట్టుపక్కల ఇంకా చెల్లుతుంది, ‘అప్పుడే కొండ లోపల చెదిరి ఉంటుంది’ అనండి. కాంట్రాక్టర్ మిమ్మల్ని అంటాడు, మీరు బ్లాస్టింగును అనండి, ఇద్దరూ కలిసి వానను అనండి. కోర్ బాక్సులు అడిగితే షెడ్డు చూపించండి. సుద్ద అంకెలు పోయి ఉంటాయి, చెదలు పెట్టెలను సగం తిని ఉంటాయి.

మట్టి ఎత్తడానికి నలభై రోజులు పడుతుంది. ఆ లోపల కమిటీ వేస్తారు. కొత్తగా బోర్లు వేసి, కొత్తగా పరీక్షలు చేసి, వాలు మళ్లీ డిజైన్ చేయడానికి టెండరు పిలుస్తారు. ఆ సైటు అనుభవం ఉన్నవాళ్లకు అర్హతలో మార్కులుంటాయి. మీకు తప్ప ఇంకెవరికుంది? కాబట్టి పాత ఫైలు చెరిపేయకండి. సేవ్ యాజ్ కొట్టి, తేదీ మార్చి, 75ను 72 చేయండి. ఈసారి మూడింటికే ఇంటికి చేరతారు.